మా ఇంట్లో ‘దిగు’ అనకూడదు

ప్రతి ఏడూ తొమ్మిదో తరగతి పిల్లలకు నేనొక పని చెప్తాను. ‘దిగు’ అనే మాట పెట్టి ఎవరికి తోచినన్ని వాక్యాలు వాళ్లు రాయాలి. ఇంకెక్కడి పిల్లలైనా బస్సు దిగాను, చెట్టు దిగాను అని మొదలుపెడతారేమో. గోదావరిఖనిలో మాత్రం ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా మొదటి వాక్యం ఒకటే. మా నాన్న బాయి దిగుతాడు. బొగ్గు గనిని మావైపు బాయి అంటారు. ఇప్పుడు చాలా బాయిలు మూతపడ్డాయి. ఎక్కడ చూసినా భూమిని పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్ కాస్టులే. తండ్రులు చాలామంది కిందికి దిగడం లేదు, డంపర్లు ఎక్కుతున్నారు. అయినా వాక్యం మారలేదు. తండ్రికి పాన్ డబ్బా ఉన్నవాడు కూడా మా నాన్న బాయి దిగుతాడనే రాస్తాడు. పక్కవాడిది చూసి దించేస్తాడు. అదీ ఆ మాటకున్న వాడకమే కాబట్టి గట్టిగా తిట్టబుద్ధి కాదు.

నిఘంటువు తీస్తే ఈ చిన్న మాట కింద చాలా ఉంటుంది. బండి దిగడం, విడిదిలో దిగడం, కాల్లో ముల్లు దిగడం, మత్తు దిగడం, ధర దిగడం. ఫోటో దిగడం ఎందుకు దిగడమైందో నాకిప్పటికీ తెలియదు. పిల్లలడిగితే గద్దించి కూర్చోబెడతాను. మాటలకు దిగుతాం, దెబ్బలాటకు దిగుతాం. ఎన్నికలొస్తే వీధికొకడు బరిలో దిగుతాడు. అవన్నీ బోర్డు మీద రాయిస్తాను, మార్కులు వేస్తాను. నా చిన్నప్పుడు ఇదే పని మా టీచరు చెప్తే మాత్రం ఒక్క వాక్యమూ రాయక గోడకుర్చీ వేశాను. మా నాన్న నిజంగానే బాయి దిగేవాడు. ఆ గంటలో ఆయన కిందే ఉన్నాడు. ఆయన కింద ఉన్నంతసేపు మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనకూడదు. రాస్తే అన్నట్టే కదా అని భయపడ్డాను.

కట్టడి పెట్టింది మా అవ్వ. మావైపు కన్నతల్లిని అవ్వ అనీ తండ్రిని బాపు అనీ పిలుస్తాం. బాపు టిఫిన్ డబ్బా సైకిలుకు తగిలించి క్వార్టర్ల సందు మలుపు తిరిగాడంటే ఆ మాటకు మా ఇంట్లో తలుపు మూసుకున్నట్టే. పొయ్యి మీది గిన్నె ‘దించు’ అనకూడదు, ‘తియ్యి’ అనాలి. గోడెక్కినవాణ్ణి ‘కిందికి రా’ అనాలి. ఫోటో ‘తీపిచ్చుకోవాలి’. ఒకసారి అన్న పక్క క్వార్టర్ జామచెట్టెక్కి కొమ్మ చివరికి పోతుంటే భయమేసి “దిగురా!” అని కేక పెట్టాను. అవ్వ బట్టలు ఉతుకుతున్న చేత్తోనే వచ్చి చెంప మీద ఒకటిచ్చింది. చెంపంతా సబ్బు నురగ.

“మీ బాపు కిందున్నడు. ఆయిన పైకొచ్చేదాంక ఆ మాట నోట్లకెల్లి తియ్యకు.”

“ఎందుకవ్వా?”

“మనిషి దిగి ఉన్నప్పుడు మల్ల దిగు అంటె, ఇంకింత లోపటికి పోతడు.”

ఇది ఆమెకెవరు చెప్పారో తెలియదు. కాలనీలో ఇంకే ఇంట్లోనూ ఇలాంటి కట్టడి లేదు. వాళ్లకు వేరేవి ఉండేవి. మొగుడు డ్యూటీకి బయలుదేరగానే వాకిలి ఊడ్వనివాళ్లు కొందరు, ఎక్కడికని అడగనివాళ్లు కొందరు. మా అవ్వ మట్టుకు ఆదివారం తప్పకుండా గుడికి, అంటే మా చర్చికి, పోయేది. దిష్టి, శకునం అంతా సైతాను పని అని పాస్టరు అయ్యగారు చెప్తుంటే అందరికంటే గట్టిగా తల ఊపేది. ఇంటికొచ్చి కొంగుచాటున ఉప్పు తీసి మా ఇద్దరికీ దిష్టి దిగదీసేది. అదేందని అడిగితే “ఉప్పు దేవుడే ఇచ్చిండు గద” అనేది. ఆమెతో వాదన పెట్టుకుని గెలిచినవాణ్ణి నేను చూడలేదు. పక్కింటావిడ ఏడిపించాలని, “బస్సెక్కితె మంచిర్యాలల ఎట్ల దిగుతవే?” అని అడిగితే, “ఆగినంక కిందికస్త” అని చింతపండు పిసుకుతూనే చెప్పింది.

షిఫ్టు అయిందని సైరన్ కూసేది. కాసేపటికి సైకిలు స్టాండు వేసిన చప్పుడు. నల్లగా, కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనబడని బాపు వాకిట్లో నిలబడేవాడు. అప్పుడు అవ్వ అంతసేపూ నోట్లో ఆపుకున్నవన్నీ ఒక్కసారి వదిలేది. “నీళ్లు దించురా, అన్నం దించవే, ఆ గోడ దిగుతవా వస్తనా!” ఇంటికి ప్రాణం లేచొచ్చేది. నాకు ఆ వాగ్ధాటి అంటే ఇష్టం. ఇల్లంతా ఆ మాట వినబడితే బాపు ఇంట్లో ఉన్నాడని లెక్క.

బాపు పని బాయిలో కర్రలు నిలబెట్టడం. బొగ్గు తీసిన చోట పైబండ కూలకుండా కింద దుంగలు ఆనించేవాడు. ఆయనతోపాటు అదే షిఫ్టులో మేం కాక అని పిలిచే పక్క సందాయన సర్దార్‌గా ఉండేవాడు. సర్దార్ అంటే అందరికంటే ముందు లోపలికి పోయేవాడు. చేతిలో ఇనుప రాడ్ ఉంటుంది. దాంతో పైబండను కొట్టి, చెవి పెట్టి వింటాడు. ఖంగున పలికితే బండ గట్టిగా ఉన్నట్టు, డొల్ల చప్పుడొస్తే ఊడడానికి సిద్ధంగా ఉన్నట్టు. అంతా కొట్టి చూశాక వెనక్కి తిరిగి “రా బావా” అంటాడు. ఆ పిలుపు వచ్చేదాకా ఒక్క మనిషి అడుగు పెట్టడు. బాపూ కాకా చుట్టాలు కారు. వాళ్లింట్లో బోనాలు, మా ఇంట్లో క్రిస్మస్. అయినా కలిసిన మొదటి రోజు నుంచి బావా అంటే బావా అనుకున్నారు.

ఒక సమ్మె ముగిసినప్పుడు యాజమాన్యం దిగొచ్చిందని కాలనీ అంతా మిఠాయి పంచారు. బాపు నోట్లో లడ్డూ పెట్టుకుని కాకతో “దిగొచ్చిన్రట బావా. మనతోని ఒక్క షిఫ్టు దిగి సూస్తె ఎరుకయితది” అన్నాడు. ఇద్దరూ దగ్గొచ్చేదాకా నవ్వారు. అప్పటికే ఆ నవ్వుల్లో సగం దగ్గే.

బండ పడిన రోజు కాక సెలవులో లేడు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చాలామంది చాలా అన్నారు. ఆయన ఉన్నాడు, ముందు పోయాడు, కొట్టి చూశాడు. బండ ఖంగుమనే పలికింది. “రా బావా” అన్నాడు. బాపూ ఆయన సహాయకుడూ లోపలికి వెళ్లి, కాక ఇవతలికి వచ్చాక, వాళ్ల వెనక కూలింది. కొట్టినంత మాత్రాన బండ నిజం చెప్పాలని లేదు. సహాయకుడు బెల్లంపల్లి నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చినవాడు. అతనూ బాపూ అవతల ఉండిపోయారు. అవ్వ బాయి దగ్గర మిగతా ఆడవాళ్లతో నిలబడింది. నన్నూ అన్ననూ పక్కింటావిడ చూసుకుంది. తెల్లారి బాపును పైకి తెచ్చారు. సహాయకుణ్ణి ఆ మధ్యాహ్నం తెచ్చారు, బట్ట కప్పి.

బాపు ఆ సంగతి ఇంట్లో ఎన్నడూ మాట్లాడలేదు. కాలు కట్టు విప్పాక మళ్లీ డ్యూటీకి పోయాడు. మా నాలుగు నోళ్లలోకి ముద్ద దిగాలంటే ఆయన బాయి దిగాలి. ఇందులో చమత్కారం లేదు, ఉన్నది చెప్తున్నాను. మా దగ్గర డ్యూటీ ఎక్కడమంటేనే కిందికి దిగడం, మళ్లీ డ్యూటీ దిగడమంటే పైకి రావడం. ఈ తిరకాసు మీద నేను కాలేజీలో ఒక వ్యాసం రాసి చప్పట్లు కొట్టించుకున్నాను. బాపుకు చదివి వినిపించాను. విని “మంచిగనే రాసినవ్ బిడ్డా” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంకొన్నేళ్లకు ఊపిరి అందక డాక్టర్లు ఆయన ఇక డ్యూటీకి పనికిరాడన్నారు. మా దగ్గర అలా తండ్రి ఆగిపోతే కొడుక్కి ఆ పని వస్తుంది. కాలనీ ఇళ్లలో దాన్ని అదృష్టమనే అంటారు, అన్నవాళ్లను తప్పు పట్టను. అన్న డిగ్రీ చదివాడు, కరెంటు సామాన్ల దుకాణం పెట్టుకోవాలనుకున్నాడు. దానికి బదులు టోపీ లైటు పెట్టుకుని మిగిలిన ఒకటిరెండు బాయిల్లో ఒకదానికి పోయాడు. మొదటి రోజు వాకిట్లో నిలబడితే చుట్టాలు “అచ్చం బాపునే దించిండు” అని మురిసిపోయారు. ముక్కు, భుజాలు, నడక, అన్నీ బాపువే. అవ్వ మాత్రం ఎవరి మాటకూ తల ఊపలేదు. అన్న సందు మలుపు తిరగగానే మా ఇంట్లో ఆ మాట మళ్లీ ఆగిపోయింది.

బాపు చివరి రెండు మూడేళ్లూ మంచానికే అంటుకుపోయాడు. మనిషి సగానికి దిగిపోయాడు. పక్కన ఆక్సిజన్ యంత్రం గుయ్యిమంటూ ఉండేది. కరెంటు పోతే అన్న బండి మీద సిలిండర్ కోసం పరిగెత్తేవాడు. దగ్గరలో కొత్త ఓపెన్ కాస్టు మొదలయ్యాక మా బోరులో నీళ్లు దిగిపోయాయి. మధ్యాహ్నం బ్లాస్టింగు జరిగితే గూట్లో గిన్నెలు కదిలేవి. ఒకరోజు గోడలో పైనుంచి కిందికి పగులు దిగింది. బాపు ఆ పగులునే చూస్తూ పడుకునేవాడు. అన్న దాన్ని సిమెంటుతో పూడ్చాడు. బాపుకు అది చాలలేదు.

“కర్ర వెట్టురా” అన్నాడు.

“ఇంట్ల కర్ర ఏంది బాపూ?”

“వెట్టు అంటున్న గదా.”

అన్న ఆ ఎత్తుకు సరిపడే దుంగ ఒకటి తెచ్చి, మంచం పక్కన నేలకూ పైకప్పుకూ మధ్య బిగించాడు. పైన ఎక్కడ చెక్క పెట్టాలో, చీల ఎటు కొట్టాలో బాపు వేలితో చూపించాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు గది మధ్యలో ఆ దుంగను చూసి లోపల నవ్వుకునేవాళ్లు. ఇద్దరు ముగ్గురు పైకే నవ్వారు. ఒకాయనకు నేను చాయ కూడా ఇవ్వకుండా పంపించాను. దుంగ పెట్టాక బాపు నిద్రపోయాడు, నాకది చాలు.

పిలవడానికి ఊపిరి లేక ఆయన ఒక స్టీలు చెంచాతో ఆ దుంగను కొట్టేవాడు. నీళ్లకు ఒక తీరు, పక్కకు తిప్పడానికి ఒక తీరు, ఏమీ వద్దు ఉత్తగా వచ్చి కూర్చోమనడానికి ఇంకో తీరు. నేను అదే గదిలో పేపర్లు దిద్దుతూ వినకపోయేదాన్ని. అవ్వ వాకిట్లో నల్లా కింద బిందె నిండుతుంటే కూడా విని, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చేది. “చెవుల్లేవాయె నీకు” అని నన్ను ఒకటి అని, ఆయనను పక్కకు తిప్పేది.

పోవడానికి కొద్ది రోజుల ముందు ఆయనకు తిండి దిగడం మానేసింది. జావ పోస్తే పెదవుల పక్కనుంచి కారిపోయేది. అవ్వ గిన్నె పట్టుకుని ఒక చెంచాకు బతిమాలుతోంది. అప్పుడే బ్లాస్టింగు అయింది. దుంగ మీద పైకప్పు నుంచి కొంచెం సున్నం రాలింది. బాపు దాన్ని చూసి, మమ్మల్ని చూసి, ఆగి ఆగి మాట్లాడాడు. ఆ బెల్లంపల్లి సహాయకుడి సంగతి ఆయన నోట వినడం అదే మొదలు, అదే చివర.

“వాడు నాకన్న ఎక్కువ కొట్టిండు. రాయి తీసుకొని పైపు మీద కొట్టుకుంటనే ఉన్నడు. నేను పక్కకే ఉన్న గనుక ఇన్న. పైనోళ్లకు ఇనబడలే. ఆఖరికి వాని సప్పుడు నాకు సుత ఇనబడలే.” చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. “కింద కొడితె పైన ఎవ్వలకు ఇనబడది బిడ్డా. నన్ను మల్ల దింపకుండ్రి. కాలవెట్టుండ్రి. ఎన్ని సార్లు దిగిన... ఇగ నాతోని కాదు.”

మా ఇళ్లలో పూడ్చిపెడతాం. బాపు తల్లిదండ్రులు కాలనీ అవతల సమాధుల్లోనే ఉన్నారు. ఈస్టర్ తెల్లవారుజామున మేమంతా అక్కడే కొవ్వొత్తులు పెడతాం. కాల్చమన్న మాట మా వాళ్లలో ఎవరి నోటా నేను వినలేదు. నేను అవ్వ ముఖం చూశాను. ఆమె చెంచా ఎత్తిపట్టుకునే ఉంది.

“సరే, దింపం. కాలవెడ్తం. ఇగ నోరు తెరువు” అంది.

బాపు నోరు తెరిచాడు. ఆ పూట జావ దిగింది. గిన్నె అడుగు దాకా తాగాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతోనే. బతికినన్నాళ్లూ ఆయన ఏదీ అడిగినవాడు కాదు. అడిగిన ఒక్కటీ ఒప్పుకున్నాం, ఇక జరిపించడమే కదా అనుకున్నాను.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున పోయాడు. అవ్వ తనే ముక్కు దగ్గరి గొట్టం తీసింది, యంత్రం ఆపింది. ఆ గుయ్యిమనే చప్పుడు పోయేసరికి ఇల్లు ఇల్లులా లేదు. నేను మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయాను. డ్యూటీ నుంచి అన్న వచ్చాడు. అవ్వ వాడి ముఖమైనా కడగనివ్వకుండా “గుంత తీపియ్యి. మీ తాత పక్కపొంటి” అంది.

నేను లేచాను. ఇంటినిండా జనం, అయినా లేచాను.

“గుంతేందవ్వా? ఆయిన ఏం జెప్పిండు? నువ్వేమన్నవ్?”

“సరే అన్న.”

“మాటిచ్చినవ్ గద!”

“ఇచ్చిన. తినాలె గనుక ఇచ్చిన.”

అంతే. ఆమె ఆక్సిజన్ గొట్టం చుట్టిపెట్టడంలో పడింది. నాకు ఒళ్లు మండిపోయింది. అయ్యగారిని పిలిపించాను. ఆయన అడ్డుపడతాడు, ఆయనతో తగువుకు దిగుదామని సిద్ధంగా ఉన్నాను. ఆయన నా మాట అంతా విన్నాడు. “అమ్మా, ఆయనను గోదావరి నీళ్లలో దింపి బాప్తిస్మమిచ్చినప్పుడు నేను గట్టు మీద ఉన్నాను. మట్టిలో దింపడం మన పద్ధతి. కాదంటే నేను పట్టుబట్టను, వచ్చి ప్రార్థన చేస్తాను. ఇది ఇంటివాళ్లు తేల్చుకోవాలి” అన్నాడు. పోట్లాడడానికి ఆయన కూడా మిగల్లేదు. అన్నను పట్టుకున్నాను.

“రోజు దిగేటోనివి నువ్వే. నీకు ఎరుక లేదా ఆయిన దేనికి భయపడ్డడో?”

“ఎరుకనే” అన్నాడు అన్న. ముఖం మీద బొగ్గు అలాగే ఉంది, కన్నీళ్లు కారిన చోట తప్ప. “అందుకే నా నోట్లకెల్లి మాట వస్తలేదు. అవ్వ ఎట్లంటె అట్లనే చెల్లే.”

ఆ రోజు నేను ఒక్కదాన్నే ఒకవైపు. బాపు నావైపే ఉన్నాడు, కానీ ఆయన మాట ఇక చెల్లదు.

సమాధుల అవతల ఓపెన్ కాస్టు మట్టి గుట్టలు కొండల్లా లేచాయి. గుంత చుట్టూ జనం నిలబడ్డారు. తాళ్లు పరిచారు. అయ్యగారు పుస్తకం తెరిచేలోపు కాక ముందుకొచ్చాడు. ఆయనకూ ఊపిరి సరిగా ఆడదు, చేతికర్ర లేకుండా నడవలేడు. “ఆగుండ్రి. జర నన్ను దింపుండ్రి” అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. వద్దు కాకా అన్నారు, సమాధి గుంతలోకి బతికున్న మనిషి దిగకూడదన్నారు. ఆయన వినలేదు. కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, ఇద్దరి చేతులు పట్టుకుని దిగాడు.

లోపల నిలబడి చేతికర్రతో గోడను కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు. జరిగి మళ్లీ కొట్టాడు. తలవైపు, కాళ్లవైపు, రెండు పక్కలా. తొందరపడలేదు. ఎండలో అందరూ కదలకుండా చూస్తున్నారు. అక్కడున్న పాత కార్మికులు నెత్తి మీది తువ్వాళ్లు తీసేశారు, ఎవరూ చెప్పకుండానే. కొట్టడం అయ్యాక కాక బాపు శవపెట్టె వైపు తల ఎత్తాడు.

“డొల్ల లేదు. గట్టిగున్నది” అన్నాడు. “రా బావా.”

నేను అప్పుడు ఏడ్చాను. అయినా ఒక సంగతి చెప్పక తప్పదు. ఏడుస్తూ కూడా నాకు తెలుసు, ఆ పిలుపు మా బాపు అడిగింది కాదు. మన్ను కూలుతుందని కాదు ఆయన భయం. బండ ఖంగుమన్న రోజునే అంతా కూలిందని కాకకూ తెలుసు. అందుకే దిగాడనుకుంటాను. పైకి ఎక్కలేకపోతే అన్న లోపలికి వంగి చంకల కింద చేతులు వేసి లాగాడు.

తర్వాత ఆ మాటే చుట్టూ. తాడు పట్టిన ప్రతివాడూ దింపు, మెల్లగ దింపు, అటుపక్క దించు అంటున్నాడు. చిన్నప్పుడు ఒక్క మాటకు చెంప పగలగొట్టిన మనిషి పక్కనే నిలబడి వింటోంది, ఎవరినీ ఆపలేదు. పెట్టె కొంచెం ఒరిగితే తనే “సక్కగ దింపుండ్రి” అంది. ఆయన కిందికి పోతుండగా ఆమె నోట ఆ మాట రావడం నేను విన్నది అదొక్కసారే.

నెల తిరిగాక గుడి నుంచి ఇద్దరం ఆటోలో సమాధుల దగ్గరికి పోయాం. నేనప్పటికీ ఆమెతో సరిగా మాట్లాడడం లేదు. ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా పోలేదు, మాట తప్పింది తప్పిందే. ఆటో ఆగింది. ఆమె మోకాళ్లు పట్టేసి కదలడం లేదు. నేను చెయ్యి అందించి “దిగవ్వా” అన్నాను. అన్నకు ఆ రోజు సెలవు, ఇంట్లోనే ఉన్నాడు. అందుకే జంకు లేకుండా అన్నాను.

అవ్వ నా చెయ్యి విదిలించింది.

“ఆ మాట తియ్యకు. మీ బాపు కిందున్నడు.”

అప్పుడు లెక్క అర్థమైంది. ఇంతకుముందు షిఫ్టు అయిపోయేది, సైరన్ కూసేది, మాట తిరిగొచ్చేది. నెల రోజులుగా మా ఇంట్లో గిన్నెలు తీస్తున్నామే తప్ప దించడం లేదని, నేను గమనించనే లేదని అప్పుడు తెలిసింది.

ఆమె తనే మెల్లగా కిందికొచ్చి, సమాధి పక్కన మట్టిలో చతికిలబడింది. సిమెంటు ఇంకా కొత్తగా తెల్లగా ఉంది. కొవ్వొత్తి తీస్తుందనుకున్నాను. సంచీలోంచి స్టీలు చెంచా తీసింది. బాపు దుంగ మీద కొట్టే చెంచా. సిమెంటు మీద కొట్టింది. ఉత్తగా వచ్చి కూర్చోమనే తీరు అది. తర్వాత వంగి, చెవి ఆనించి పడుకున్నట్టుగా ఉండిపోయింది.

“ఏం జేస్తున్నవవ్వా?”

“కాలవెడితె యాడ కూసుండి ఇందును?” అంది, చెవి తియ్యకుండానే. “ఎవ్వలకు ఇనబడదన్నడు. నాకు ఇనబడ్తది. గంత దూరం నల్లా కాడ ఇన్నదాన్ని.”

అప్పుడే మట్టి గుట్టల అవతల బ్లాస్టింగు అయింది. నేల కదిలింది. సిమెంటు మీది ఇసుక జారింది. అవ్వ రెండు చేతులూ సమాధి మీద పరిచి, అది సద్దుమణిగేదాకా గట్టిగా అదిమి పట్టుకుంది. ఆటో ఆయన హారన్ కొట్టాడు. ఆగమని నేను చెయ్యి ఊపాను.

“ఏమన్న ఇనబడ్డదా?” అని అడిగాను. వెటకారంగానే మొదలుపెట్టాను, చివరికొచ్చేసరికి గొంతు అలా లేదు.

“ఇంకా లేదు” అంది అవ్వ. “నువ్వు జర సప్పుడు జెయ్యకు.”

నేను చెప్పులు విడిచి ఆమె పక్కన కూర్చున్నాను.